సంతకం పెట్టే ముందు ఒక్క మాట, వదినా!

2025 జనవరి. సంక్రాంతి వెళ్ళిన వారం. మా ఆడపడుచు వాళ్ళ పెరట్లోంచి పంపిన బూడిద గుమ్మడికాయలు రెండు కోసి, ముక్కలకి ఉప్పు పట్టించి, గుడ్డలో మూటకట్టి, రాత్రంతా బరువు కింద పెట్టాను. తెల్లారి మినప్పిండి రుబ్బి, మేడ మీద పాత పంచె పరిచి వడియాలు పెడుతున్నాను. కాకుల్ని తోలమని మావారిని కూర్చోబెడితే ఆయన పేపరు చదువుకుంటున్నారు. ఆయన పని ఆయనది, కాకుల పని కాకులది!

అప్పుడొచ్చింది సుభద్ర వదిన. వరసకి వదినేమీ కాదు. పక్కవీధిలో ఉంటుంది, పాతికేళ్ళుగా అలా పిలవడం అలవాటైంది. పద్దెనిమిదేళ్ళుగా మహిళా మండలి నడుపుతోంది. నాలుగు కుట్టు మిషన్లతో మొదలుపెట్టి ఇప్పటికి ఎంతమంది ఆడపిల్లలకి కుట్టు నేర్పిందో లెక్కలేదు. అలాంటి మనిషి ఆ రోజు మెట్లెక్కి వచ్చి, ఆయాసం తీరకుండానే ఒక కవరు నా చేతిలో పెట్టింది.

"కలెక్టరాఫీసు నుంచి ఉత్తరం వచ్చిందమ్మా. ఏదో కమిటీలో మెంబరుగా వేస్తారట. ఒప్పుకుంటూ సంతకం పెట్టి పంపమన్నారు. మా ఇంట్లో ఒక్కొక్కళ్ళూ ఒక్కో మాట అంటున్నారు. నువ్వు పుస్తకాలవీ చదువుతావు కదా, కాస్త చూసి చెప్పు."

చేతికి మినప్పిండి. కొంగుతో తుడుచుకుని చదివాను. పని చేసే చోట ఆడవాళ్ళ మీద జరిగే లైంగిక వేధింపుల ఫిర్యాదులు వినడానికి జిల్లాలో ఒక స్థానిక కమిటీ వేస్తున్నారు. అందులో సభ్యురాలిగా వదినని నియమించాలనుకుంటున్నారు. పదవీకాలం మూడేళ్ళు.

మావారు పేపరు పక్కన పెట్టారు. "ఎందుకొచ్చిన గొడవ వదినగారూ? ఊళ్ళో వాళ్ళ తగువులు మన నెత్తిన వేసుకోవడమేగా. ఉన్న ఊళ్ళో శత్రువులు తయారవుతారు" అన్నారు.

వదిన మొహం చిన్నబోయింది. "ఆయనా ఇదే అన్నారు. పైగా మా చిన్నదానికి సంబంధాలు చూస్తున్నాం. రేపు ఆ కమిటీలో ఏ పెద్దింటాయన మీద కేసు వచ్చినా, ఆ మాట ఎటు తిరిగి ఎటు వస్తుందో అని భయంగా ఉంది" అంది.

ఆ భయాన్ని తీసిపారేయకండి చెల్లెళ్ళూ. ఆడపిల్ల పెళ్ళి పెట్టుకున్న తల్లి భయం అది. నేను కూడా వెంటనే "సంతకం పెట్టెయ్యండి" అనలేకపోయాను. "రెండు రోజులు ఆగండి వదినా, కనుక్కుని చెప్తాను" అన్నాను.

నా మనసులో ముల్లు

వదిన వెళ్ళిపోయాక పిండి కలుపుతున్నానే గానీ నా మనసు వడియాల మీద లేదు. మా ఇంట్లో పని చేసే మంగ గుర్తొచ్చింది.

ఇది 2021 నాటి మాట. మంగ అప్పుడు నాలుగిళ్ళలో పని చేసేది. ఒక రోజు గిన్నెలు తోముతూ తోముతూ, తల ఎత్తకుండా అంది: "ఆ ఇంటికి వెళ్ళబుద్ధి కావట్లేదమ్మా. అమ్మగారు లేనప్పుడు అయ్యగారి వాలకం బాగోలేదు." అంతకంటే ఒక్క మాట చెప్పలేదు. నేనూ అడగలేదు. "అయితే ఆ ఇల్లు మానెయ్యవే. ఇంకో ఇల్లు నేను చూసి పెడతాను" అన్నాను. అన్నట్టే చూసి పెట్టాను కూడా. చాలా పెద్ద ఉపకారం చేసినట్టు అనుకున్నాను!

ఇప్పుడు ఆలోచిస్తే, తప్పు చేసినవాడి ఇల్లు వాడికి అలాగే ఉంది. జీతం పోగొట్టుకున్నది మంగ. మంగ మానేశాక ఆ ఇంటికి ఇంకెవరో అమ్మాయి వెళ్ళే ఉంటుంది. ఆ అమ్మాయి సంగతి నేను ఆలోచించలేదు. ఇలాంటివి చెప్పుకోవడానికి ఒక చోటు ఉంటుందని నాకు తెలియదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

ఆ ఆదివారం మా పిన్ని కొడుకుని భోజనానికి పిలిచాను. వాడు వకీలు. ముద్దపప్పు, దప్పళం, కొత్త గుమ్మడి వడియాలు వేయించి పెడతానంటే ఎంత దూరం నుంచైనా వస్తాడు. వదినని కూడా రమ్మన్నాను. వాడు చెప్పినవీ, వాడిచ్చిన పుస్తకంలో నేను చదివినవీ మీకు నా మాటల్లో చెప్తాను.

ఈ కమిటీ ఎందుకు పుట్టిందంటే

రాజస్థాన్‌లో భటేరి అనే పల్లెటూరు. అక్కడ భన్వరీ దేవి అనే ఆవిడ ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో 'సాథిన్'గా పని చేసేది. మన అంగన్‌వాడీ ఆవిడ లాగా ఊళ్ళో తిరిగి ఆడవాళ్ళకి నాలుగు మంచి మాటలు చెప్పే పని. 1992లో ఒక పసిపిల్ల పెళ్ళి ఆపబోయింది. అది ఆవిడ ఉద్యోగంలో భాగమే. ఆ కక్షతో ఆవిడ మీద సామూహిక అత్యాచారం జరిగింది. 1995లో కింది కోర్టు నిందితుల్ని విడిచిపెట్టేసింది.

పని చేస్తున్న ఆడదానికి పని వల్లే ఇంత అన్యాయం జరిగితే, రక్షణ ఎవరు ఇవ్వాలి అంటూ కొన్ని మహిళా సంఘాలు 'విశాఖ' పేరుతో సుప్రీంకోర్టుకి వెళ్ళాయి. 1997 ఆగస్టు 13న తీర్పు వచ్చింది. పని చేసే ప్రతి చోటా ఫిర్యాదుల కమిటీ ఉండాలి, దానికి ఆడవాళ్ళే అధ్యక్షత వహించాలి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా ఆడవాళ్ళుండాలి, బయటి వ్యక్తి కూడా ఒకరు ఉండాలి అని కోర్టు చెప్పింది.

బయటి మనిషి ఎందుకు? ఆఫీసులో వాళ్ళే ఆఫీసు వాళ్ళ తప్పు విచారిస్తే పైవాళ్ళ ఒత్తిడి ఉంటుంది కదా! అత్తింటి పంచాయితీకి అత్తగారి అక్కచెల్లెళ్ళనే పెద్దలుగా కూర్చోబెడితే కోడలికి ఏం న్యాయం జరుగుతుంది? అందుకని బయటి నుంచి ఒకరు.

ఆ తీర్పు వచ్చిన 16 ఏళ్ళకి, 2013లో చట్టం చేశారు. అదే ఏడాది డిసెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. పది మంది, అంతకంటే ఎక్కువ మంది పని చేసే చోట యజమానే 'అంతర్గత కమిటీ' వెయ్యాలి. వెయ్యకపోతే 50,000 రూపాయల దాకా జరిమానా.

మరి పది మంది లేని చోట? ముగ్గురు ఆడపిల్లలున్న బట్టల కొట్టు, ఇద్దరున్న డాక్టరుగారి క్లినిక్కు, మంగలాంటి వాళ్ళు పని చేసే మన ఇళ్ళు... వీళ్ళందరి కోసం జిల్లాకొక స్థానిక కమిటీ. వేధించినవాడు యజమానే అయితే, ఆ ఫిర్యాదు కూడా ఇక్కడికే వెళ్ళాలి.

అవునండీ, మన ఇల్లు కూడా చట్టం ప్రకారం 'పని చేసే చోటే'. ఆ మాట విన్నప్పుడు నేను వడ్డిస్తున్న గరిటె ఆపేశాను. మనకి వంటిల్లు, మంగకి అది ఆఫీసు!

కుర్చీల్లో ఎవరు కూర్చోవాలి?

స్థానిక కమిటీని జిల్లా అధికారి వేస్తారు. కలెక్టరు గానీ, ప్రభుత్వం నియమించిన డిప్యూటీ కలెక్టరు లాంటి అధికారి గానీ. అధ్యక్షురాలు సమాజసేవలో పేరున్న స్త్రీ అయి ఉండాలి. జిల్లాలోని మండలంలోనో, పట్టణంలోనో పని చేసే స్త్రీ ఒకరు సభ్యురాలు. మహిళల కోసం పని చేసే సంఘాల నుంచి గానీ, ఈ విషయాలు తెలిసినవాళ్ళ నుంచి గానీ ఇద్దరు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు స్త్రీ. ఒకరికి చట్టం తెలిసి ఉంటే మంచిది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ వర్గాల్లో ఏదో ఒక దానికి చెందిన స్త్రీ ఒకరు తప్పనిసరి. వీళ్ళతో పాటు జిల్లాలో సంక్షేమ శాఖ గానీ, స్త్రీ శిశు సంక్షేమ శాఖ గానీ చూసే అధికారి ఒకరు.

"మరి జీతం?" అని మావారు అడిగారు. ఆయనకి లెక్కలు ముందు!

జీతం లేదు. 2013లో చేసిన నిబంధనల ప్రకారం విచారణ జరిగిన రోజుకి అధ్యక్షురాలికి 250 రూపాయలు, బయటి నుంచి వచ్చిన సభ్యులకి 200 రూపాయలు. దానితో పాటు రానూపోనూ ఖర్చు. రైల్లో మూడో తరగతి ఏసీ, ఏసీ బస్సు, ఆటో చార్జీ... ఏదైనా అయిన ఖర్చు మేరకే.

"రెండొందలా! బజారుకెళ్ళి సంచీ నిండా కూరలు కూడా రావు" అని మావారు నవ్వారు. వదిన మాత్రం నవ్వలేదు. "డబ్బులెక్కువిస్తే ఆ కుర్చీ నా దాకా వచ్చేదా అన్నయ్యగారూ? ఎవరో ఎగరేసుకుపోయేవాళ్ళు" అంది. ఆ మాట నాకు నచ్చింది.

గోడ మీద పేర్లు

అయితే ఇంత మంచి చట్టం ఉండి కూడా మంగకి ఎందుకు తెలియలేదు? నాకెందుకు తెలియలేదు?

మా వీధి చివర రిటైరైన పంతులమ్మగారు ఉన్నారు. పేరు చెప్పను. వదిన ఉత్తరం సంగతి చెప్తే ఆవిడ గట్టిగా నవ్వారు. "నేనూ మెంబర్నేనమ్మా! ఎప్పుడో ఒక ఆఫీసు నుంచి మనిషొచ్చి ఒక కాగితం మీద సంతకం చేయించుకున్నాడు. అదేం కాగితమో సరిగ్గా చదవలేదు. మళ్ళీ మూడేళ్ళలో ఒక్క పిలుపు లేదు. ఉన్నానో లేదో నాకే తెలీదు" అన్నారు.

నవ్వుతూ చెప్పినా నాకు ఒళ్ళు మండింది. ఆవిడ మీద కాదు. ఒక మంచి మనిషి పేరు కాగితం మీద పెట్టి ఆ కాగితాన్ని బీరువాలో పెట్టేశారు. మంగ లాంటిది ఏడుస్తూ వెళ్దామనుకున్నా ఎవరి దగ్గరికి వెళ్తుంది? బీరువా దగ్గరికా?

ఇది మా ఒక్క ఊరి సంగతే అనుకోకండి. చట్టం వచ్చి పదేళ్ళు దాటినా చాలా చోట్ల కమిటీలు సరిగ్గా లేవని సుప్రీంకోర్టే బాధపడింది. 2024 డిసెంబరు 3న ఆజ్ఞ ఇచ్చింది. ప్రతి జిల్లాలో ఆ నెలాఖరులోగా జిల్లా అధికారిని నియమించాలి, 2025 జనవరి 31 లోగా స్థానిక కమిటీలు వెయ్యాలి అని. ఇప్పుడర్థమైందా సంక్రాంతి వెళ్ళీవెళ్ళగానే వదినకి ఉత్తరం ఎందుకొచ్చిందో! గడువు దగ్గరపడింది మరి.

గడువు కోసం వేసే కమిటీకీ, పని కోసం వేసే కమిటీకీ తేడా ఉంటుంది. ఆ తేడా కలెక్టరుగారి చేతిలో సగం ఉంటే, మిగతా సగం సంతకం పెట్టే మనిషి చేతిలో ఉంటుంది. అందుకే ఆ రోజు భోజనాలయ్యాక, వక్కపొడి వేసుకుంటూ, వదినని నేను కొన్ని ప్రశ్నలడిగాను. రేపు మీకూ ఇలాంటి ఉత్తరం రావచ్చు. మీ మండలి పేరు మీద జిల్లా కమిటీకో, ఏ కంపెనీ అంతర్గత కమిటీకో బయటి సభ్యురాలిగా రమ్మని అడగవచ్చు. అప్పుడు మిమ్మల్ని మీరే వేసుకోండి ఈ ప్రశ్నలు.

ఒకటి: పిలిస్తే వెళ్ళగలరా?

విచారణ 90 రోజుల్లో ముగించాలి. అధ్యక్షురాలితో కలిపి కనీసం ముగ్గురు ఉంటే తప్ప విచారణ జరపకూడదు. అంటే మీరు "ఈ వారం మా మనవడి అన్నప్రాసన" అని మానేస్తే, "వచ్చేవారం మా ఆయనకి ఒంట్లో బాగోలేదు" అని మానేస్తే, అక్కడ ఒక ఆడపిల్ల వాయిదాల్లో నలిగిపోతుంది. ఎప్పుడో ఒకసారి ఇబ్బంది అందరికీ వస్తుంది. కానీ మూడేళ్ళూ ఇబ్బందులే అనిపిస్తే మొహమాటపడకుండా "నా వల్ల కాదండీ" అని రాసెయ్యండి. కుర్చీ ఖాళీ అయితే ఇంకొకరు వస్తారు. మీ పేరుతో నిండి మనిషి లేకపోతేనే నష్టం.

రెండు: నోరు కట్టుకోగలరా?

ఇది మన ఆడవాళ్ళకి అగ్నిపరీక్షే! మగవాళ్ళేం తక్కువ కాదనుకోండి. ఫిర్యాదు చేసిన ఆవిడ పేరు, ఎదుటివాడి పేరు, సాక్షుల పేర్లు, అక్కడ నడిచిన మాటలు, ఏవీ బయట చెప్పకూడదు. చెప్తే 5,000 రూపాయలు కట్టాలి, కమిటీలోంచి తీసేస్తారు కూడా. డబ్బు సంగతి అలా ఉంచండి. నమ్మి చెప్పుకున్న పిల్ల బతుకు బజారున పడుతుంది. కట్టుకున్నవాడికీ చెప్పకూడదు, పక్కింటావిడకీ చెప్పకూడదు.

మూడు: ఆవిడ తరఫున రాయగలరా?

ఫిర్యాదు రాతపూర్వకంగా ఇవ్వాలి. మరి చదువు రాని ఆవిడ? ఆవిడకి రాయడంలో సాయం చెయ్యవలసింది అధ్యక్షురాలూ, సభ్యులేనని చట్టమే చెప్తోంది. "రాసుకురా అమ్మా" అని వెనక్కి పంపకూడదు. ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాయాలి. మన మాటలు కలపకూడదు, సిగ్గుపడి కొన్ని వదిలెయ్యకూడదు. రాశాక చదివి వినిపించాలి. ఆవిడ ఒంట్లో బాగోక రాలేకపోతే బంధువు, స్నేహితురాలు, తోటి పనివాళ్ళు కూడా ఇవ్వచ్చు.

నాలుగు: రాజీ రాయబారాలు మానగలరా?

మనకి చిన్నప్పటి నుంచీ నేర్పింది సర్దుకుపొమ్మనే కదా. అలవాటుగా నోట్లోంచి "పోనీలెద్దూ, ఏదో ఇప్పించి పంపించేద్దాం" అని వచ్చేస్తుంది. జాగ్రత్త! రాజీ మాట ఆవిడ నోటి నుంచి రావాలి, మన నోటి నుంచి కాదు. ఆవిడ కోరినా సరే, డబ్బు ఇచ్చి రాజీ చెయ్యడానికి చట్టం ఒప్పుకోదు.

ఐదు: ఎదుటివాడు మీకు తెలిసినవాడైతే?

చిన్న ఊళ్ళలో అందరూ అందరికీ చుట్టాలే. నా ఉద్దేశంలో, మీకు వరసైనవాళ్ళ మీద, ఇచ్చిపుచ్చుకునే లెక్కలున్నవాళ్ళ మీద ఫిర్యాదు వస్తే ముందుగానే అధ్యక్షురాలికి చెప్పి ఆ విచారణకి దూరంగా ఉండడం మర్యాద. సంతకం పెట్టే రోజే ఆ మాట అనుకుని ఉంటే, తర్వాత మొహమాటం ఉండదు.

"అబద్ధం చెప్తే?"

అన్నీ విని, పిల్లల గదిలోంచి మా అబ్బాయి వచ్చాడు. "అమ్మా, కావాలని అబద్ధపు ఫిర్యాదు పెడితేనో?" అన్నాడు. వాడికి ఉద్యోగం వచ్చి ఏడాదే అయింది. వాడి భయమూ భయమే. తోసెయ్యకుండా వకీలు తమ్ముడిని అడిగాను.

కక్షతో, తెలిసి తెలిసీ అబద్ధం చెప్పిందని విచారణలో తేలితే చర్య తీసుకోమని కమిటీ సిఫారసు చెయ్యవచ్చట. కానీ రుజువు చెయ్యలేకపోయినంత మాత్రాన అది అబద్ధం కింద లెక్క కాదు. తలుపు వేసిన గదిలో జరిగినదానికి సాక్షిని ఎక్కడి నుంచి తెస్తుంది? అందుకే అటు ఇటు ఇద్దరి మాటా వినాలి. ఇద్దరికీ తమ సాక్షుల్ని తెచ్చుకునే అవకాశం ఇవ్వాలి. వకీళ్ళని పెట్టుకుని వాదించడానికి వీల్లేదు. మరి బల్లకి ఇవతల కూర్చున్నవాళ్ళు ఎంత ఓపికగా వినాలో చూడండి! "ఆ చీరేమిటి, ఆ వేళకి అక్కడ నీకేం పని" అనే ప్రశ్నలతో మొదలుపెట్టే మనిషి ఆ కుర్చీకి పనికిరాదు. "ఈ మగాళ్ళంతా ఇంతే" అని ముందే తీర్పు చెప్పేసే మనిషీ పనికిరాదు. మా అబ్బాయికీ, మంగకీ ఇద్దరికీ నమ్మకం కలిగే మనిషి కావాలి.

వదిన అన్నీ విని లేచి చెంబుడు మంచినీళ్ళు తాగింది. "పద్దెనిమిదేళ్ళుగా మండలికి వచ్చే ఆడపిల్లలు నాతో చెప్పుకున్నవి నేను ఎవరితోనైనా అన్నానా?" అని అడిగింది. నిజమే, అనలేదు. నేను ఎంత కదిలించినా అనలేదు. "మరి మా చిన్నదాని సంబంధం మాటేమిటి?" అంది తనే మళ్ళీ. ఎవరం మాట్లాడలేదు. కాసేపాగి తనే అంది: "ఇలాంటి పనిలో ఉన్నానని వెనక్కి పోయే సంబంధమైతే, పోవడమే మంచిదిలే."

సోమవారం సంతకం పెట్టి పంపింది. ఊరికే పంపలేదు. తెల్లకాగితం మీద తన చేత్తో మూడు ముక్కలు రాసి జత చేసింది: సమావేశం ఎప్పుడో ముందుగా చెప్పండి, చట్టం పుస్తకం తెలుగులో ఇప్పించండి, కమిటీ వాళ్ళ పేర్లూ ఫోను నంబర్లూ మండలాఫీసుల్లో జనానికి కనబడేలా పెట్టించండి అని.

మంగకి చెప్పాను

మర్నాడు మంగతో కూర్చుని ఇదంతా చెప్పాను. ఇంట్లో పని చేసేవాళ్ళ ఫిర్యాదు అయితే, అందులో నిజం ఉన్నట్టు కనిపిస్తే కమిటీ వాళ్ళు ఏడు రోజుల్లో పోలీసులకి పంపించాలి. ఇదీ చెప్పాను. అసలు సంగతి చివరికి చెప్పాను. కమిటీకి ఫిర్యాదు ఇవ్వడానికి గడువు మూడు నెలలే. ఎందుకు ఆలస్యమైందో సరైన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు. అప్పటికి నాలుగేళ్ళు గడిచిపోయాయి.

"నేను ఆ రోజు అడగవలసిందే మంగా. అడగలేదు" అన్నాను.

అది కాసేపు చీపురు పుల్లలు సర్దుకుంటూ కూర్చుంది. "మీకూ తెలీదు, నాకూ తెలీదు కదమ్మా. అయిపోయింది" అంది. తర్వాత, "ఆ మూడు నెలల మాట ఇంకోసారి చెప్పండి. మా వీధిలో పిల్ల ఒకతె ఫ్యాన్సీ కొట్లో చేస్తోంది. దానికి చెప్తాను" అంది.

ఇంకోసారి చెప్పాను. ఒక్కొక్క మాటా వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ విన్నది.

మరి మనం చెయ్యగలిగింది?

చెల్లెళ్ళూ, ఇవేమీ పెద్ద పనులు కావు.

మీ జిల్లా స్థానిక కమిటీలో ఎవరెవరున్నారో కలెక్టరాఫీసులోనో, స్త్రీ శిశు సంక్షేమ శాఖ ఆఫీసులోనో అడగండి. ఒక్కరే వెళ్ళడానికి బెరుకైతే నలుగురు కలిసి వెళ్ళండి. గుడికి కలిసి వెళ్ళట్లేదూ!

మీ అమ్మాయి, కోడలు ఉద్యోగం చేసే చోట అంతర్గత కమిటీ వేసినట్టు ఆర్డరు కనబడే చోట అంటించాలి. ఉందో లేదో చూడమనండి. అందులో బయటి సభ్యురాలు ఎవరో కూడా చూడమనండి. యజమానిగారి తోడల్లుడి భార్య పేరుంటే మీకే అర్థమవుతుంది!

మీ మండలిలో ఓపికా, నోటి కట్టుబాటూ ఉన్న మనిషి ఉంటే, "మా దగ్గర ఫలానా ఆవిడ ఉన్నారు, కమిటీ వేసేటప్పుడు పరిశీలించండి" అని కలెక్టరుగారికి అర్జీ పెట్టండి. వాళ్ళకీ మంచి పేర్లు దొరకాలి కదా. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా కొట్టు మూయించిన ఆడవాళ్ళని ఎవరూ వెతికి నియమించలేదు. వాళ్ళంతట వాళ్ళే ముందుకొచ్చారు.

ఇక మీ ఇంట్లో పని చేసే అమ్మాయికి, మీరు చీరలు కొనే కొట్లో పిల్లకి, మూడు నెలల మాట చెప్పండి. దారి తెలియకపోతే 181 కి ఫోను చెయ్యచ్చని చెప్పండి. అది మహిళల హెల్ప్‌లైన్.

వదిన నాకేం చెప్పిందంటే...

ఆ తర్వాత కొన్ని నెలలకి ఒక సాయంత్రం వదిన బస్సు దిగి తిన్నగా మా ఇంటికే వచ్చింది. భుజాన సంచీ, మొహం వాడిపోయి ఉంది. కలెక్టరాఫీసు నుంచి వస్తోందని తెలుస్తూనే ఉంది. ఫ్యాను వేసి, కాఫీ కలిపి ఇచ్చాను. ఎదురుగా పీట వేసుకుని కూర్చున్నాను. నా సంగతి మీకు తెలుసుగా, ఉండబట్టలేదు.

"ఏం జరిగింది వదినా?" అన్నాను.

వదిన ఒక గుక్క తాగి, "కాఫీలో పంచదార ఎక్కువైంది" అంది.

అంతే! ఇంకొక్క మాట చెప్పలేదు. ఈ రోజు దాకా చెప్పలేదు. కాస్త కోపం వచ్చిన మాట నిజమే. వెంటనే అనిపించింది, 2021లో మంగ చెప్పుకోవడానికి ఇలాంటి మనిషి ఒకరు ఆ కుర్చీలో ఉండి ఉంటే, ఉన్నారని నాకు తెలిసి ఉంటే ఎంత బాగుండేదో అని.

ఈ వారానికి ఇంతే. అన్నట్టు వడియాల సంగతి మర్చిపోయాను! ముక్కల్లో నీరు పూర్తిగా పోయేదాకా బరువు కింద ఉంచండి. మినప్పిండి రుబ్బేటప్పుడు నీళ్ళు చిలకరించాలే గానీ పొయ్యకండి. పిండి పల్చనైతే వడియం నిలబడదు, నూనె కూడా ఎక్కువ లాగుతుంది. మంచి ఎండలో రెండు వైపులా గలగలలాడేలా ఎండాక తడి లేని డబ్బాలో పోసుకుంటే ఏడాదంతా చెక్కుచెదరవు. కాకుల కాపలాకి మాత్రం పేపరు చదివే అలవాటు లేనివాళ్ళని చూసుకోండి!

వచ్చేవారం మళ్ళీ కలుద్దాం.